గంగక్క పోసిన దారి

మా వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు. నిన్న మధ్యాహ్నం దారాలు కొనుక్కుని వస్తుంటే, కొత్తగా పోసిన కాంక్రీటు మీద ఒకతను పైపుతో నీళ్ళు కొడుతున్నాడు. ఎండకు కాగిన సిమెంటు మీద నీళ్ళు పడగానే గుప్పున ఒక పచ్చివాసన లేస్తుంది చూడండి, అది ముక్కుకు తగిలేసరికి నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "ఏం కావాలమ్మా?" అని అడిగాడతను. "ఏం లేదప్పా, వాసన చూస్తాండా" అన్నాను. ఎగాదిగా చూశాడు. చూస్తే చూడనీ! ఆ వాసనకు నాకు గంగక్క గుర్తొస్తుంది, గంగక్క గుర్తొస్తే ఈ వయసులోనూ ఒళ్ళంతా హుషారెక్కుతుంది.

నేను పుట్టింది ధర్మవరంలో, మగ్గాలున్న ఇంట్లో. మెట్టింది హిందూపురం. ఇంట్లోనే రవికలు కుడతాను. పెళ్ళిళ్ళ కాలంలో పట్టుచీరల మూటలతో ఆడవాళ్ళు మా గేటు తీసుకుని వస్తూనే ఉంటారు. గేటు నుంచి వరండా దాకా మామగారి కాలంలో వేయించిన కాంక్రీటు దారి ఒకటి ఉండేది. ఉండేది అనడం కూడా దానికి మర్యాదే. పందికొక్కులు కింద మట్టి తోడేసి, పైన పగుళ్ళు పట్టి, వాన పడితే మడుగయ్యేది. ఒకరోజు పెళ్ళికూతురి తల్లి కాలు ఆ గుంటలో పడింది. చేతిలోని చీర జారి, జరీ అంచంతా బురదైంది. నేతవాళ్ళ ఇంటి పిల్లను, ఆ అంచు వెనక ఎన్ని రోజుల కష్టముందో నాకు తెలుసు. ఆ పూట నాకు అన్నం దిగలేదు. "దారి బాగుచేసేదాకా ఇంక ఒక్క రవిక కుట్టను" అని మా ఇంట్లో ప్రకటించాను.

సరిగ్గా ఆ వారమే గోడకు పెచ్చులూడితే అతుకు వేయడానికి గంగక్క వచ్చింది. ఊరు చిలమత్తూరు. బెంగుళూరులో పదిహేనేళ్ళు తట్టలు మోసింది. అక్కడి మేస్త్రి అన్నానికి పోయినప్పుడల్లా అతని తాపీ తీసుకుని ఒక మూల గోడ మీద చేయి తిప్పి తిప్పి పని నేర్చుకుంది. మాటలు పొదుపు, చేతులు మాత్రం ఊరుకోవు. గోడ పని అయ్యాక ఎవరూ అడక్కుండానే ఇనుప కడ్డీ తీసుకుని మా దారి మీద టక్ టక్ మని కొడుతూ నడిచింది.

"విన్న్యావా సుజాతమ్మా? ఈడ గట్టిగా పలుకుతాంది. ఆడ చూడు, అంతా డొల్ల."

"మళ్ళీ కొట్టక్కా!" అన్నాను. నిజంగానే తేడా వినిపించింది. కడ్డీ ఆమె చేతిలోంచి లాక్కుని గేటు దాకా నేనే కొట్టుకుంటూ పోయాను. ఇన్నేళ్ళు నేను తొక్కి నడిచిన నేలకు ఒక గొంతుందని నాకు అంతవరకూ తెలియదు! "పైన పూత పూస్తే దండగ. మొత్తం పగలగొట్టి, కింద మట్టి గట్టిపడేలా దిమ్మిస కొట్టి, కంకర పరచి, అప్పుడు పోయాల" అంది గంగక్క. "నువ్వే పోసేయక్కా" అనేశాను. ఆమె ముఖం చూడాలి. నవ్వబోయి, ఆపుకుని, "ఇంతవరకూ నాకు మొత్తం పని ఎవురూ ఇయ్యలేదమ్మా. అతుకులకే పిలుస్తారు" అంది.

అదే అసలు సంగతి. హిందూపురంలో ఆడవాళ్ళు తట్ట మోయాలి, మగవాళ్ళు తాపీ పట్టాలి. ఎదురింటి లెక్కల సారు, పెనుకొండ బడిలో పనిచేసి రిటైరైనాయన, ఆ మాటే పైకి అన్నాడు. ఆయన ఇంటి ముందు దారి కూడా మాకు మల్లేనే పాడైంది. "ఈయమ్మ పని చూస్తా. నిలబడితే మాది కూడా ఆమెకే ఇస్తా. లేకుంటే ఎవురి పని వాళ్ళు చేసుకునేది మంచిది" అన్నాడు. గంగక్క తలూపింది. మా దారి నిలబడితే ఆమె మేస్త్రి. లేకపోతే మళ్ళీ తట్టే.

పగలగొట్టిన రోజు మా ఇంట్లో జాతరే. గంగక్కతో వచ్చిన నలుగురు ఆడవాళ్ళు సమ్మెటలెత్తితే వీధి అదిరింది. నేను కూడా చీర చెంగు బిగించి నిలబడ్డాను. శుక్రవారం కాంక్రీటు పోయాలని నిర్ణయమైంది. తొమ్మిదిన్నరకల్లా కాంక్రీటు కలిపే మిల్లరు మిషను గుర్రుగుర్రుమని తిరుగుతోంది. గంగక్క దిమ్మిస కొడుతూ గేటు మూలకు వచ్చింది. అంతలో మా అత్త లోపలినుంచి, "పదిన్నరకు రాహుకాలం వస్తాది. ఆ లోపల మొదలుపెట్టేయండి" అని కేక వేసింది. గంగక్క చేయి ఆపలేదు. "ఈ మూల ఇంకా మెత్తగా ఉండాది. ఇంకో అరగంట కావాల" అంది.

"ఆ ఒక్క మూలకు ఏమవుతాదక్కా? బిర్న పోసేయ్" అన్నాను నేను. ఉత్సాహంలో నాకు కాలు నిలవడం లేదు. గంగక్క ఆ మూలను ఒకసారి చూసింది, నన్ను ఒకసారి చూసింది. ఇంటామె మాట. దిమ్మిస పక్కన పెట్టింది.

ఆ తర్వాత జరిగింది ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. బూడిదరంగు కాంక్రీటు జారుతూ పరుచుకుంటుంటే, గంగక్క బల్లచెక్కతో అటూ ఇటూ లాగి మట్టం చేస్తుంటే, నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. నేను అద్దంలా నున్నగా కావాలన్నాను. "నున్నగుంటే వానకు జారి పడతారమ్మా" అని, కాస్త ఆరనిచ్చి, కొబ్బరి చీపురుతో అడ్డంగా సన్నని గీతలు లాగింది. మరునాటి నుంచి చుట్టూ మట్టికట్ట వేసి నీళ్ళు నిలబెట్టడం నా వంతు. మా ఊళ్ళో నీళ్ళంటే ఎంత గొడవో చెప్పక్కర్లేదు. కూరగాయలు కడిగిన నీళ్ళు కూడా దానికే పోశాను. "సబ్బు నీళ్ళు మాత్రం పోసేవు!" అని గంగక్క రోజూ ఫోనులో బెదిరించేది.

ఇరవయ్యో రోజు నీళ్ళ ట్యాంకరు సంపు నింపడానికి గేటులోకి వెనక్కి వచ్చింది. ఫట్! గేటు మూల అరచేయి వెడల్పున చీలి కుంగింది. అదే మూల. క్షణంలో వీధంతా పోగైంది. "ఆడమనిషికిస్తే ఇంతే" అని ఎవరో అన్నారు. సారు తన గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గంగక్క మోపెడ్డు మీద వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని తట్టి చూసింది. తలెత్తి నా వైపు చూసింది. నేను చూపు దించుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక అడుగు వెనక్కి కూడా వేశాను.

"తప్పు నాదే సారూ. ఈ మూల పగలగొట్టి మళ్ళీ పోస్తా. దుడ్లు ఇయ్యొద్దు" అంది గంగక్క.

"చూద్దాంలేమ్మా" అన్నాడు సారు, లోపలికి తిరుగుతూ. ఆ 'చూద్దాం'కు అర్థం ఏమిటో వీధిలో అందరికీ తెలుసు. గంగక్క ముఖం నల్లబడింది. అది చూసి నాలో ఏదో తెగింది.

"సారూ, ఆగండి! ఆ మూల మెత్తగా ఉందని ఆమె చెప్పింది. రాహుకాలం వస్తాదని దిమ్మిస ఆపించింది నేను. నేనే!" అని అరిచాను. మా అత్త వరండాలో అదిరిపడింది.

సారు వెనక్కి వచ్చి గంగక్క వైపు తిరిగాడు. "నిజమేనా? మరి నువ్వెందుకు చెప్పలేదమ్మా?"

"ఆయమ్మ చెప్పినా, ఆపింది నేను కదా సారూ. తాపీ నా చేతిలోనే కదా ఉండె" అంది గంగక్క.

ఆయన ఇంట్లోకి పోలేదు. ఆమె ఆ మూలను పగలగొట్టి, ఈసారి ఒక పూటంతా దిమ్మిస కొట్టి పోసేదాకా తన గేటు దగ్గరే నిలబడి చూశాడు. రెండు నెలల తర్వాత ఆయన ఇంటి ముందు మిల్లరు మిషను దిగింది. నేను కుట్టు మిషను వదిలి పరుగున గేటు దగ్గరికి పోయాను. సారు భార్య టైము చూసుకుని తొందరపెడుతోంది. గంగక్క దిమ్మిస వదలకుండానే, "రాహుకాలం రానీ, పోనీ. ఇది అయినాకే పోసేదమ్మా" అంది. సారు భార్య మొగుడి వైపు చూసింది. "మేస్త్రి చెప్పినట్టే కానీ" అన్నాడు సారు. గంగక్క చేయి గాల్లో ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ దిగింది. నాకైతే ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి.

గంగక్క ఇప్పుడు పెనుకొండ దాకా పనులు ఒప్పుకుంటోంది, ఫోను చేస్తే ఎత్తే తీరిక ఉండదు. పోయిన వారం ఒకామె రవిక భుజం బిగుసుకుందని తెచ్చింది. కొలతలు తీసిన నాడు, "ఊరికే సాగదీయొద్దు, బస్సు పోతాది" అని తొందరపెట్టింది ఆమే. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"తప్పు నాదమ్మా. కూర్చో, విప్పి మళ్ళీ కుట్టి ఇస్తా" అన్నాను, కత్తెర తీసుకుంటూ.