అవ్వ క్యాలెండరు, నా భవిష్యత్ కథ

ఆ రోజుల్లో లోకంలో ఎవరికీ తట్టని ఊహలు నాకొక్కదానికే తడతాయని గట్టి నమ్మకం. నంద్యాలలో డిగ్రీ రెండో ఏడు చదువుతూ, కాలేజీ పత్రిక కోసం ఒక భయంకరమైన భవిష్యత్ కథ రాశాను. అందులో ఆడవాళ్ళ గర్భాలన్నీ సర్కారువే. ఎవరు ఎప్పుడు కనాలో ఒక అధికారిణి తేలుస్తుంది. ఇంటింటి గోడకూ ఒక పట్టీ తగిలించి, నెలనెలా ప్రతి స్త్రీ పేరునా నల్లచుక్క పెడుతుంది. నెల తప్పినామెకు నెయ్యి, తప్పకపోతే పస్తు. (ఇంత ఊహ ఎక్కడి నుంచి ఊడిపడిందా అని నన్ను చూసి నేనే ముచ్చటపడ్డాను.)

మెచ్చుకుంటారని ఆదివారం బస్సెక్కి ఆళ్లగడ్డ ఇంటికి వచ్చి, వసారాలో శనక్కాయలు ఒలుస్తున్న అవ్వకూ అమ్మకూ వదినకూ చదవడం మొదలుపెట్టాను. వదినకు ఇద్దరాడపిల్లలు, రెండూ ఆపరేషన్ కాన్పులే. మూడోది ప్రాణం మీదికి తెస్తుంది, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "మగపిల్లోడు పుట్టేదాకా ఆ కుట్ల మాట ఎత్తద్దండి" అని అవ్వ అంతకన్నా గట్టిగా చెప్పింది. ఆమె ముందు మా అన్న కూడా నోరెత్తడు. (నా వీరత్వమూ అప్పటికి కాగితం మీదే.)

కథ సగంలో, మళ్ళీ కంటే చచ్చిపోయే ఒక పిల్లను అధికారిణి వదలని చోటికి రాగానే అవ్వ చాట పక్కకు నెట్టింది. "ఏందే అది, ఆడదేనా? ఆ పిల్ల సచ్చిపోతాదంటాంటే చుక్కలు లెక్కబెడతాందా? ఆ పట్టీ గుంజి పొయ్యిలో పెట్టండే!"

నేను పొంగిపోయాను. వదిన మాత్రం లేచి, చీరకంటిన పొట్టు దులుపుకుని వంటింట్లోకి పోయి, మేకుకు తగిలించిన క్యాలెండరు తెచ్చి అవ్వ ముందు పెట్టింది. వదిన ముట్టయిన తేదీల మీద అవ్వ పెట్టిన కాటుక చుక్కలు. (దేవుని గూటికి మైల తగలకుండా అని పేరు. చుక్క రెండు రోజులు ఆలస్యమైతే వదిన కంచంలో నెయ్యి పడేది, చుక్క పడిన రోజు నెయ్యి గిన్నె ఉట్టెక్కేది.) పుట్టి పెరిగిన ఇంటి గోడను కాపీ కొట్టి, ఊహ అని మురిసిపోయాను మహాతల్లిని!

"పొయ్యిలో పెట్టమంటివి కదా అవ్వా. ఇదిగో." వదిన క్యాలెండరును ఇంకా ముందుకు జరిపింది. "నాకు బతకాలని ఉండాది. పిల్లోళ్ళు ఇంకా చిన్నోళ్ళు."

అమ్మ ఏడ్చేసింది. అవ్వ ఆ చుక్కలను ఒక్కొక్కటే వేలితో తడిమి, నా మీద విరుచుకుపడింది. "ఇంటి గుట్టంతా కాలేజీలో చెప్తాండావా మే?" ఆ తర్వాత తానే లేచి క్యాలెండరును పొయ్యిలోకి తోసింది. (ఆ ఏడాది పండగలన్నీ పక్కింటివాళ్ళను అడిగి చేసుకున్నాం.) బుధవారం వదినను ఆపరేషన్‌కు నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా ఆమే, నెయ్యి గిన్నె చంకన పెట్టుకుని.

పత్రికవాళ్ళు కథ తిప్పి పంపారు. 'ఇట్లాంటివి ఎక్కడా జరగవు, నమ్మేలా లేదు' అని అంచున రాశారు. ఏడ్చి ఏడ్చి చించబోతే వదిన లాక్కుంది. ఆ ఉక్రోషపు రెండు జడల పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ తర్వాత నావి చాలా అచ్చయ్యాయి. వాటిలో ఏదీ ఒక్క క్యాలెండరునైనా కాల్చలేదు. గర్వపడేది ఇప్పటికీ ఆ అచ్చుకాని కథకే.

మొన్న వదిన పెద్దకూతురు డిగ్రీలో చేరుతూ ఆ కథ చూడాలంది. వదిన బీరువాలో పట్టుచీరల మధ్య నుంచి తీసి ఇచ్చింది. మొదటి పేజీ మూలన ఒక కాటుక చుక్క.

"పోయే ముందు అవ్వే పెట్టింది" అంది వదిన. "దిష్టి తగలకుండా."