సముద్రానికి పొలి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. జహీరాబాద్ నుంచి న్యాల్‌కల్ దాటి ఇంకా పోతే, కర్ణాటక పొలిమేరకు ఆనుకుని ఉంటుంది మా ఊరు. ఎర్రమట్టి, కంది, జొన్న, శనగ. గట్టి వాన పడితే వాగు రెండు రోజులు పారేది, మూడో రోజుకు మళ్ళీ ఇసుకే. మాకు తెలిసిన లోతు నీళ్ళు బావిలో నీళ్ళే. ఆ బావికి గోడ ఉండేది కాదు. అందుకని నడక వచ్చిన ప్రతి పిల్లకూ మొదట నేర్పేది బావి దరికి పోవద్దనే. నేను ఒకసారి తొంగి చూసినందుకు మా నాయనమ్మ వీపు మీద నాలుగు అంటించి, తర్వాత నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తనే ఏడ్చింది.

ఆ నాయనమ్మకు రెండు కళ్ళకూ మోతిబిందు, అంటే శుక్లం, వచ్చింది. ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది మసకగానైనా బాగానే కనబడుతుందని ఆమె చెప్పేది, మేం నమ్మేవాళ్ళం. బీదర్ దవాఖానలో డాక్టరు ఆపరేషన్ చేస్తానన్నాడు కానీ, చూపు వస్తుందో ఉన్నది కూడా పోతుందో చెప్పలేనన్నాడు. ఇంట్లో అందరూ తేదీ గురించి మాట్లాడుతుంటే ఆమె మాత్రం సముద్రం చూసినంకనే ఆ బల్ల మీద పండుకుంటానని మొండికేసింది. కడవ నీళ్ళ కోసం పొద్దంతా బావి దగ్గర నిలబడ్డ మనిషి. అన్ని నీళ్ళు ఒక్కచోట, ఎవరూ తోడకుండా ఉంటాయంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. చూపు ఉండగానే చూడాలని పట్టు.

మా మేనత్తను సరిహద్దు అవతల కన్నడ ఊరికిచ్చారు. ఎళ్ళ అమాస పండుగ అయ్యాక ఆ ఊరివాళ్ళు బస్సు మాట్లాడుకుని గోకర్ణం పోతుంటే అత్త నాయనమ్మనూ నన్నూ ఎక్కించుకుంది. నేను ఎందుకంటే, నాయనమ్మకు చెయ్యి పట్టుకోవడానికి మనిషి కావాలి. నాకు తొమ్మిదేళ్ళు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెట్లు పచ్చబడుతూ రావడం, గాలి తడిగా మారడం చూస్తూ సగం నిద్రలో పోయాను. కరకరలాడే కడక్ జొన్నరొట్టెల మూటా, ఇత్తడి చెంబూ నా ఒళ్ళోనే ఉన్నాయి.

దర్శనం అయ్యాక ఎవరో చెప్పారు, గుట్ట మీదుగా బాట ఉందనీ, అది సముద్రం అంచునే నడిచి ఇంకో ఒడ్డున దిగుతుందనీ, గుట్ట మీద నుంచి చూస్తేనే చూసినట్టనీ. బస్సువాళ్ళంతా బయల్దేరారు. అత్తకు కాళ్ళు వాచి గుడి దగ్గరే ఆగిపోయింది. నాయనమ్మను కూడా ఆగమంది కానీ, ఒక్క కన్ను చాలని చెప్పి ఆమె నా చెయ్యి పట్టుకుని లేచింది. రొట్టెల మూట ఆమె చంకన, నీళ్ళు నింపిన చెంబు నా రెండో చేతిలో. మేం మెల్లగా నడిచేసరికి మిగతావాళ్ళు గుట్ట మలుపు తిరిగి కనబడకుండా పోయారు.

గుట్ట ఎక్కుతుంటే నాకు భలే సంబరమైంది. అక్కడి రాయి మా ఊరి రాయే. అదే ఎరుపు, అవే చిల్లులు. ఎండిన గడ్డి కూడా మా బీడులో గడ్డిలాగే ఉంది. మా ఊరే పెరిగి పెరిగి ఇక్కడిదాకా వచ్చిందనుకున్నాను. మలుపు తిరిగాక ఆ ఊరు తెగిపోయింది. కుడివైపు నేల లేదు. కింద ఎక్కడో నీళ్ళు లేచి రాతికి తగిలి తెల్లగా విరుగుతున్నాయి. పక్షులు మా కాళ్ళ కింద ఎగురుతున్నాయి. పక్షుల వీపు చూడటం నాకు అదే మొదటిసారి. ముందుకు చూస్తే బాట ఇద్దరు పక్కపక్కన పట్టనంత సన్నగా, ఎర్రగా, గుట్టను పట్టుకుని సాగిపోతోంది.

నేను చూసింది సముద్రం కాదు, అవతలి దరి లేని బావి. వీపు మీద పడిన నాలుగు దెబ్బలూ గుర్తొచ్చాయి. కాళ్ళు నేలకు అతుక్కున్నాయి. నాయనమ్మ చెయ్యి విడిచి, చెంబు కింద పెట్టి, గుట్టవైపు రాయిని రెండు చేతులా కరుచుకున్నాను. రానని, వెనక్కి పోదామని ఏడుపు మొదలుపెట్టాను.

ఆమె కసరలేదు, బతిమాలనూ లేదు. నేను వెనక్కి తిరిగితే ఆమె సముద్రం అక్కడితో అయిపోయినట్టే. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ కదలలేకపోయాను. గాలి ఆమె కొంగును లాగుతోంది. ఆమె మొహం నీళ్ళవైపు తిప్పి, ఏదో వింటున్నట్టు తల వంచింది.

"గిది బావి గాదు బిడ్డా," అంది. "చేను. చూడు, చేను కుడిచేతి దిక్కే ఉన్నది. పొలి సల్లకుంట చేను ఒరం మీద ఎవరన్న నడుస్తరా? చెంబు పట్టు."

మూట విప్పి కడక్ రొట్టె చేతిలో నలిపింది.

ఎళ్ళ అమాస నాడు మా వైపు ఇంటిల్లిపాదీ చేనుకు పోతాం. పంట పొట్ట మీద ఉంటుంది కదా, కడుపుతో ఉన్న ఆడకూతురికి పెట్టినట్టు దానికీ వండి పెడతాం. రొట్టె, కూర కలిపి నలిపి, చేను కుడిచేతి వైపు ఉండేలా ఒరం మీద, అంటే గట్టు మీద, నడుస్తూ చల్లుతారు. అదే పొలి. వెనక ఒకరు చెంబుతో నీళ్ళు చిలకరిస్తూ రావాలి. మా ఇంట్లో ఆ నీళ్ళ పని నాది. మొదలుపెట్టాక చుట్టు పూర్తయ్యేదాకా ఆగకూడదు, వెనక్కి చూడకూడదు. ఆ మధ్యనే ఆ పని చేసి వచ్చాను.

నాయనమ్మ "పొలి" అంటూ మొదటి పిడికిలి సముద్రం మీదికి విసిరి ముందుకు అడుగు వేసింది. నా చెయ్యి దానంతట అదే చెంబులో మునిగింది. నీళ్ళు చిలకరించాక కాలు ఆగితే తప్పు కదా. నడిచాను. ఆమె పిడికిలి, నా నీళ్ళు, ఆమె అడుగు, నా అడుగు. పక్షులు వచ్చి రొట్టె ముక్కల్ని గాలిలోనే అందుకున్నాయి. కాసేపటికి ఆ నీలమంతా నిజంగానే ఎవరో పండించిన పంటలా, మేం దాని ఒరం మీద పండుగ చేస్తున్నట్టు అనిపించింది. ఎంతసేపు నడిచామో తెలియదు. ఆ నడక ఇప్పటికీ నాకు నిద్రలో జరిగినట్టే ఉంటుంది.

ఈ చేనుకు చుట్టు ఎప్పుడు పూర్తవుతుందని అడిగాను. మిగతాది అవతలి ఒడ్డువాళ్ళు నడుస్తారులే అంది.

బాట వెడల్పైన చోట రాయి మీద కూర్చున్నాం. చెంబు ఖాళీ అయింది. నాకు గొప్ప గర్వంగా ఉంది. అప్పుడామె నన్ను దగ్గరికి లాక్కుని అడిగింది.

"ఎట్లున్నదో జర చెప్పు."

కనబడటం లేదా అన్నాను. నీళ్ళవైపు తెల్లటి వెలుగొక్కటే కనబడుతోందంది. ఆరు నెలలుగా వెలుగూ రంగూ తప్ప ఏదీ ఆనడం లేదట. చెబితే ఇంట్లోవాళ్ళు బస్సు ఎక్కనివ్వరని ఎవరికీ చెప్పలేదట.

మరి బాట ఎట్లా కనబడిందని అడిగాను.

"ఎర్రగున్నంత దాక బాట అనుకున్న. తెల్లగైతే ఆగుదమనుకున్న."

"భయం గాలేదా?"

"అయింది. ఆగితే నువ్వు సుత ఆగిపోతవుగద."

ఆమె నడుం చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకున్నాను. తర్వాత ఆమెకు సముద్రం చెప్పడం మొదలుపెట్టాను. నూనెగింజల అవిసె చేను మొత్తం ఒక్కసారి నీలంగా పూస్తే, దాని మీద గాలి పరిగెత్తితే ఎలా ఉంటుందో అలా ఉందన్నాను. ఆకాశం చేను అవతలి గట్టు మీద కూర్చుందన్నాను. ఆమె కళ్ళు మూసుకుని విని, ఇంకొకసారి చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

తిరుగు దారిలో సముద్రం ఎడమవైపుకు వచ్చింది. పొలి చల్లే వీలు లేదు, రొట్టె కూడా లేదు. ఆమె కొంగు చివర నా నడుముకు కట్టుకుని నేనే ముందు నడిచాను. రాయి ఉందనీ, పల్లం ఉందనీ చెబుతూ ఒక్కో అడుగూ వేశాను. ఈసారి ఏడవలేదు.

ఆపరేషన్ తర్వాత బియ్యంలో రాళ్ళు ఏరుకునేంత చూపు వచ్చింది. గోకర్ణం మాత్రం మళ్ళీ పోలేదు. సముద్రం ఎలా ఉంటుందని ఎవరు అడిగినా అవిసె చేను పూసినట్టున్నదని, తన కళ్ళతో చూసినంత ధీమాగా చెప్పేది. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. ఆ మాటలు నావని ఒక్కనాడూ అనలేదు. అవి అప్పటికే ఆమెవైపోయాయి.

ఇప్పుడు నా మనవరాళ్ళు అలాంటి కొండ అంచు బాటల్లో నడవడానికే సెలవులు పెట్టుకుని పోతున్నారు. ఫోన్లో వీడియోలు పంపుతారు. ఎర్ర బాట, నీలం నీళ్ళు, నవ్వులు. నేను నీళ్ళకంటే, ముందు నడుస్తున్న మనిషి వీపునే ఎక్కువ చూస్తాను.

చాలా ఏళ్ళ కింద, మా ఆయన గుండెకు ఆపరేషన్ జరిగిన రోజు హైదరాబాద్ దవాఖానలో ముగ్గురు పిల్లలూ గోడకు అతుక్కుని నా మొహం చూశారు. డాక్టరు చెప్పింది నాకు సగం కూడా అర్థం కాలేదు. పెద్దదాని చేతికి మందుల చీటీ ఇచ్చాను, రెండోదాన్ని నీళ్ళు పట్టుకురమ్మన్నాను, చిన్నవాడికి చెప్పులు తొడిగి నా వెనకే రమ్మని ఆ పొడవాటి వరండాలోకి నడిచాను. వాళ్ళ అడుగుల చప్పుడు వెనక వినబడుతూనే ఉంది. మా ఆయన బతికాడు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. అమ్మకు ఆ రోజు అన్నీ తెలుసని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు కనబడింది తెల్లటి వెలుగు ఒక్కటే.