కీచుమన్న బ్రేకు

కీచు అనే మాటను నేనెప్పుడూ విసుక్కుంటూనే వాడేదాన్ని. ఇంట్లో నాన్న దగ్గర అక్షరాలు దిద్దుకునే రోజుల్లో పలక మీద బలపం కీచుమంటే పళ్లు జివ్వుమనేవి.

ఆ మధ్య కాకినాడ నుంచి యానాం బస్సులో వస్తున్నాను. పక్క సీటులో ఒక పెద్దావిడ, చెవిలో కొత్త మిషను.

"కనకాలపేటలో మా మనవరాల్ని అందరూ కీచుగొంతంటారమ్మా. నాకేమో దాని పెదాలు కదలడమే కనపడేది. ఇది పెట్టాక బస్సు మోత వినపడతంది గానీ, అంత సన్న గొంతు వినపడుద్దో లేదో" అంది దిగులుగా.

ఇంతలో గేదె అడ్డం వచ్చింది. బ్రేకు కీచుమంది. అందరం చెవులు మూసుకున్నాం. ఆవిడ మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

"కీచుమంది కదూ? నా చెవిలో మిషను కూసింది కాదు కదా?"

"బస్సేనండి మామ్మగారూ."

"అయితే దాని గొంతూ వినపడుద్ది!" ఆవిడ కళ్లు తుడుచుకుంది.

దిగేటప్పుడు కండక్టరుతో, "ఆ బ్రేకు బాగుచేయించకు బాబూ" అంది.

"ఇంకా నయం మామ్మా! అందరం కాలవలో ఉంటాం" అని నవ్వాడతను.

నేను లోలోపల దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. రోజూ ఎన్నిటికో చెప్పుకుంటాను గానీ, నా చెవుల కోసం చెప్పుకోవడం అదే మొదటిసారి.