మణికట్టు మీద టైము

డాక్టరుగారు మిలిటరీలో ఉన్నప్పుడు ఒక సిపాయిని చంపేశాడని ఊళ్ళో అందరికీ తెలుసు. కావాలని కాదులెండి. నొప్పి తగ్గడానికి ఒక ఇంజెక్షన్ ఇచ్చి, ఇచ్చిన సంగతి మరిచిపోయి, ఇంకోటి కూడా ఇచ్చాడట. ఆ సిపాయి నిద్రలోనే పోయాడట. అతనికి పెళ్ళాం, ఇద్దరు పిల్లలూ ఉన్నారట. అప్పట్నుంచీ ఎవరికి సూది వేసినా, మాత్ర మింగించినా, వాళ్ళ ఎడమ మణికట్టు మీద నీలం పెన్నుతో టైము రాయనిదే గుమ్మం దాటనివ్వడట.

కథ సంగతి ఎలా ఉన్నా, టైము రాయడం మాత్రం నిజం. తొమ్మిదీ నలభై, పదకొండూ పది, నాలుగూ ఐదు. నలభై ఏళ్ళుగా ఆ ఊరి చేతుల మీద గంటలు నడుస్తూనే ఉన్నాయి. టీకొట్టు బల్ల మీద కూచున్నవాళ్ళు పక్కవాడి చెయ్యి చూసి, "ఏరా, నీ బస్సు పదింటికా? నాది పదింబావుకి" అని నవ్వుకుంటారు. ఇస్త్రీ చేసే ఆవిడైతే, డాక్టరుగారి పెన్ను పుణ్యమా అని ఊళ్ళో ఒక్క తెల్లచొక్కాకీ ఎడమ చెయ్యి తెల్లగా లేదని గొణుగుతుంది. గొణిగినావిడే, మనవరాలికి జ్వరమొచ్చిన రోజు ఆ అంకెలు చెరిగిపోతాయని పిల్లకి స్నానం చేయించలేదు.

ఆ అంకెలు ఊరికే పోలేదు. కమ్మరి వాళ్ళమ్మ ఒకసారి నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే డాక్టరుగారు సూది వేసి, పట్నం ఆసుపత్రికి పంపారు. దారిలో ఆవిడ మగతలోకి జారుకుంది. కొడుకేమో కంగారులో ఏ మందు, ఎప్పుడు అన్నది చెప్పలేకపోయాడు. అక్కడి డాక్టరు సిరంజి పట్టుకుని వచ్చి, ఆవిడ చెయ్యి తిప్పి చూసి, సిరంజి పక్కన పెట్టేశాడు. ఆ ముసలమ్మ ఇప్పటికీ కోడలితో పోట్లాడుతూనే ఉంది.

ఇక పోస్టుమాస్టరుగారి సంగతి. ఆయన ఉద్యోగం అయిపోయి పదేళ్ళయినా పేరు మాత్రం అదే. ఊళ్ళో రేడియో అని కూడా అంటారు, ఆయన వినకుండా. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది కాబట్టి, ఆసుపత్రికి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా ఆదివారం బడిలో జరిగే సన్మానానికి పత్రం రాసే పని ఆయన మీద పడింది.

"మిలిటరీలో కెప్టెన్‌గా చేశారనీ, కాలికి దెబ్బ తగిలిందనీ గొప్పగా రాయండి. ఆ సిపాయి గొడవ మాత్రం ఎత్తకండి" అని సన్మానం చేయిస్తున్న మిల్లు యజమాని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

శుక్రవారం సాయంత్రం దాకా పోస్టుమాస్టరుగారు తెల్లకాగితం ముందే కూచున్నాడు. "మహాశయా" అని రాయడం, ఆగిపోవడం. ఎందుకంటే, ఆ సిపాయిని చంపింది డాక్టరుగారు కాదని ఆయనకి గట్టి అనుమానం. చంపింది తనే.

ముప్ఫై ఏళ్ళ కిందట, ఈ ఊరికి బదిలీ మీద వచ్చిన కొత్తలో ఆయనకి జ్వరమొచ్చింది. డాక్టరుగారు సూది వేసి చేతి మీద టైము రాస్తుంటే, ఇదేమిటండీ అని అడిగాడు. "మిలిటరీలో ఒకసారి టైము రాయకపోవడం వల్ల ఒకడికి రెండు సూదులు పడ్డాయి" అని, డాక్టరుగారు తరవాతి మనిషిని పిలిచారు. చెప్పింది అంతే.

ఆసుపత్రి నుంచి పోస్టాఫీసుకి నాలుగు వందల అడుగులు. ఆ నాలుగు వందల అడుగుల్లో పోస్టుమాస్టరుగారికి నలుగురు తగిలారు. మొదటివాడికి ఉన్నదున్నట్టే చెప్పాడు. రెండోవాడికి, "డాక్టరుగారి చేతి మీదుగానే అయ్యుంటుంది" అన్నాడు. మూడోవాడితో, "రెండు సూదులంటే మాటలా?" అన్నాడు. నాలుగోవాడు మంగలి. అతనితో మాత్రం, "పాపం, బతికుండడు" అనేశాడు. సాయంత్రం గడ్డం గీయించుకుంటుంటే ఆ కథే పెళ్ళాం పిల్లలతో సహా తిరిగొచ్చి ఆయన చెవిన పడింది. జాలిపడి, "అయ్యో, నిజమా?" అని కూడా అన్నాడు.

"మీ నోటికి స్టాంపు కూడా అక్కర్లేదు" అంది భార్య ఇప్పుడు, కాఫీ బల్ల మీద పెడుతూ. "వెళ్ళి ఆయన్నే అడగండి. అబద్ధమైతే ఒప్పుకోండి. నిజమైతే ఊరుకోండి."

"మొహం ఎలా చూపించనే?"

"ఎల్లుండి అందరి ముందూ మైకులో చూపించాలిగా. ముందు ఆయనకి చూపించండి."

ఆవిడ మాట సూదిలా దిగింది. పత్రంలో ఆ సంగతి వదిలేసినా, చప్పట్లు కొట్టే ప్రతివాడి మనసులోనూ చచ్చిపోయిన సిపాయి ఉంటాడు. పెద్దాయన ఆ చప్పట్ల మధ్య కూచోవాలి. ఇంకో నలభై ఏళ్ళ సన్మానం ఎవరికీ రాదు.

శనివారం పొద్దున్న వెళ్ళాడు. ఆసుపత్రి అంటే రెండు గదులే. ముందు గదిలో పొడుగాటి బల్ల, గోడకి ఒక గడియారం. ఆ గడియారం ఒక్క నిమిషం తప్పినా డాక్టరుగారు కుర్చీ ఎక్కి సరిచేస్తారు, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, ఆ కుంటి కాలితో. లోపలి గదిలో స్టవ్ మీద నీళ్ళు మరుగుతున్నాయి. కిటికీ దగ్గర డాక్టరుగారి భార్య పట్టీలు చుడుతోంది. మిలిటరీ ఆసుపత్రిలో నర్సుగా చేసి ఆయనతో వచ్చిన మనిషి. ఇప్పటికీ అందరికీ సిస్టరమ్మే.

"ఏమయ్యా పోస్టుమాస్టరూ, ఏమిటి బాధ?"

"గొంతు నొప్పండీ."

డాక్టరుగారు నోరు తెరిపించి, లైటు వేసి చూశారు. "గొంతుకి ఏ రోగమూ లేదు. వాడకం ఎక్కువైంది."

కిటికీ దగ్గర సిస్టరమ్మ కిసుక్కుమంది. దాంతో పోస్టుమాస్టరుగారు తల వంచుకుని, సంగతంతా చెప్పేశాడు. నలుగురినీ వదల్లేదు. మంగలి దగ్గరికొచ్చేసరికి మాట తడబడింది. "ముప్ఫై ఏళ్ళుగా మీ మీద ఒక చావు మోపాను. క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు."

"తెలుసులేవయ్యా" అన్నారు డాక్టరుగారు, లైటు డబ్బాలో పెడుతూ. "మర్నాడే మంగలి చెప్పాడు. మంచి కథ. అంతకుముందు రాసినవన్నీ ఇంటికెళ్ళి కడిగేసుకునేవాళ్ళు. సిపాయి చచ్చాక, అడక్కుండానే చెయ్యి చాపుతున్నారు."

"కాదని ఒక్క మాట అనొచ్చుగదండీ."

సిస్టరమ్మ పట్టీ కింద పెట్టింది.

"కాదంటే, మరి ఎవరని అడుగుతారు. అప్పుడు నా పేరు చెప్పాలి. అందుకే అనలేదు ఆయన. రెండో సూది వేసింది నేను."

"ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నారు డాక్టరుగారు.

"మీరూరుకోండి. ముప్ఫై ఏళ్ళు మీరు మోసింది చాల్లేదా?" ఆవిడ పోస్టుమాస్టరుగారి వైపు తిరిగింది. "రాసుకోండి, రేపటికి. గుడారంలో ఆసుపత్రి. ఎముకలు కొరికే చలి. పొద్దున్న పదింటికి లారీలో ఏడుగురిని తెచ్చారు. ఒకాయన కాలు చితికిపోయింది, మూలుగుతున్నాడు. లారీ ఎక్కించకముందే, దెబ్బ తగిలిన చోటే ఎవరో సూది వేశారు. వేసినవాడు ఇంకో లారీలో వెళ్ళిపోయాడు. చీటీ లేదు, చెప్పేవాడు లేడు. నేనూ వేశాను. చలికి మందు ఒంటికెక్కలేదు, దుప్పట్లు కప్పి ఒళ్ళు వెచ్చబడ్డాక రెండూ కలిసి పనిచేశాయి. నిమిషానికి ఐదుసార్లే ఊపిరి. విరుగుడు మందు అయిపోయింది."

"మరి?"

"పక్కన కూచున్నాను. చెవి మెలిపెట్టడం, పీల్చండి అని అరవడం. మళ్ళీ మెలిపెట్టడం. సాయంత్రం నాలుగు దాకా."

"ఆ తరవాత పోయాడా అండీ?"

"కళ్ళు తెరిచి, టైమెంతయింది అన్నాడు. నా దగ్గర వాచీ లేదని తిట్టాడు కూడా." ఆవిడ చేతిలోని కత్తెరతో డాక్టరుగారి కుర్చీ వైపు చూపించింది. "ఆ తిట్లు ఇంకా అయిపోలేదు."

పోస్టుమాస్టరుగారు కుర్చీలో మనిషిని, ఆ మనిషి కాలిని, మళ్ళీ మనిషిని చూశాడు.

"ఈ ఎడమ చెవి చూడవయ్యా" అన్నారు డాక్టరుగారు. "రెండోదాని కంటే కాస్త పొడుగు. రోజంతా పక్కన కూచుని చెవి మెలిపెట్టే మనిషి మళ్ళీ దొరుకుతుందా? కాలు ఆనించి నిలబడగానే పెళ్ళి మాట ఎత్తాను."

"నిలబడకముందే ఎత్తారు" అంది సిస్టరమ్మ. పట్టీ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. కళ్ళు మాత్రం తుడుచుకోలేదు, అలాగే చుట్టింది. "రాస్తారుగా?"

డాక్టరుగారు కిటికీలోంచి బయటికి చూశారు. "ఆవిడిష్టం" అన్నారు. అని, గొంతుకి మందేమీ అక్కర్లేకపోయినా ఒక చప్పరించే బిళ్ళ ఇచ్చి, చెయ్యి లాక్కుని పదీ ఇరవై అని రాశారు.

ఆదివారం బడి నిండిపోయింది. పోస్టుమాస్టరుగారు మైకు ముందు నిలబడి, మిల్లు యజమాని సైగలు చూడనట్టే, ముందు తన తప్పు చదివాడు. నాలుగు వందల అడుగులు, నలుగురు మనుషులు, అన్నీ. మంగలి లేచి, "పెళ్ళాం పిల్లల్ని చేర్చింది నేనండీ" అని కూచున్నాడు. హాలు గొల్లుమంది. సిస్టరమ్మ ముందు వరసలో ఒళ్ళో చేతులు పెట్టుకుని, తల ఎత్తి కూచుంది.

నవ్వులు తగ్గేదాకా ఆగి, పోస్టుమాస్టరుగారు ముత్యాల్లాంటి తన దస్తూరిలోని చివరి వాక్యాలు చదివాడు. రెండు సూదులు పడ్డ మాట నిజం. పడింది డాక్టరుగారికి. రెండోది వేసిందీ, సాయంత్రం దాకా చెవి మెలిపెట్టి బతికించిందీ సిస్టరమ్మ. ఎవరూ చనిపోలేదు.