దేకినందుకు సర్వపిండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో వాకిలి ఊడ్చే పని నాది. పేరుకే నాది, ఊడ్చింది మాత్రం మా తమ్ముడు. వాడికి అప్పటికి ఏడాదిన్నర దాటింది. నడవడు. అసలు పాకనే లేదు. కూర్చున్నచోటి నుంచే ఒక కాలు మడిచి, ఇంకో కాలు ముందుకు చాపి, కుడి చేతిని తెడ్డులా నేలకు ఆనించి, పిర్రల మీద జర్రున జరిగిపోయేవాడు. దీన్ని మా దగ్గర దేకడం అంటారు. వాడు దేకిన దారి దుమ్ములో చీపురు పెట్టినట్టు నున్నగా కనిపించేది. నేను ఆ దారి పక్కన చీపురు పట్టుకుని నిలబడి, ఊడ్చేశానని అమ్మకు చెప్పేదాన్ని.

మాది లాల్‌గడి మలక్‌పేట్. ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు పాతిన చోట అప్పుడు ద్రాక్ష తోటలు ఉండేవి. నాయిన, అమ్మ ఆ తోటల్లో పనికి పోయేవాళ్లు. ఇంట్లో నాయినను కన్న మా అవ్వ, తమ్ముడు, నేను. నేను నాలుగో తరగతితో బడి మానేశాను. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మానిపించారని అందరికీ చెబుతుంటాను. మా లెక్కల సారును అడిగితే వేరే కారణం చెప్పేవాడు.

తమ్ముడి లాగులు వెనక వైపు పదిహేను రోజులు కూడా ఆగేవి కావు. నాయిన పాత ఖాకీ ప్యాంటు కత్తిరించి అవ్వ వాటికి రెండు గుండ్రటి మాసికలు వేసింది. వెనక నుంచి చూస్తే చిన్న పోలీసు ఎవరో డ్యూటీకి పోతున్నట్టు ఉండేది.

అమ్మకు మాత్రం ఇవేవీ నవ్వు తెప్పించేవి కావు. నిలబెడదామని చంకల కింద చేతులు పెట్టి ఎత్తితే వాడు రెండు కాళ్లూ పైకి మడిచి, గాల్లోనే కుర్చీ వేసుకున్నట్టు కూర్చునేవాడు. పాదం నేలకు తగిలితే ఏడుపు. ఆ రోజుల్లో కాళ్లు ఆనించని పిల్లాడిని చూస్తే ఏ తల్లికైనా ఒకటే భయం. పోలియో అన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అనకుండానే అందరికీ వినిపిస్తుండేది. నాయిన వాణ్ణి మేడ్చల్ తీసుకెళ్లి ఒక డాక్టరుకు చూపించాడు. ఆయన అరికాళ్లు గీరి, మోకాళ్లు వంచి చూస్తుంటే వాడు ఆయన్ను గట్టిగా ఒక తన్ను తన్నాడు. కాళ్లలో బలానికేం తక్కువ లేదు, కొందరు పిల్లలు ఇలాగే కూర్చుని జరుగుతూ ఆలస్యంగా లేస్తారు, కొన్నాళ్లు చూడండి అన్నాడు డాక్టరు. నాయిన నమ్మాడు. అమ్మ ఆ మాటను కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చుకుంది గానీ, రోజూ ఆ ముడి విప్పి చూసుకుంటూనే ఉంది.

దానికి తోడు వీధి. మా దగ్గర పిల్లలు ఏం సాధించినా పక్కిళ్లకు పెట్టాలి. బోర్లా పడితే బొబ్బట్లు పంచుతారు, మొదటి అడుగు వేస్తే అరిసెలు పంచుతారు. తమ్ముడి ఈడు పిల్లలు ముగ్గురి అరిసెలు మేం తిన్నాం. మా ఇంటి నుంచి ఒక్క అరిసె కూడా బయటికి పోలేదు. కిరాణా కొట్టు పెద్దమ్మ అయితే అమ్మ కనబడినప్పుడల్లా, "ఏమమ్మా, మీ అరిసెలు ఎప్పుడు తినవెడ్తవ్? నా పండ్లు ఊడినంకనా ఏంది?" అనేది. అమ్మ నవ్వుతున్నట్టు ముఖం పెట్టేది.

అప్పుడు నాకు పదేళ్లు. నలుగురు నవ్వితే నాకు అన్నం కూడా గుర్తుండేది కాదు. ఒక పొద్దున బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలతో వరసలో ఉన్నారు, ఊసుపోవడం లేదు. నేను నేల మీద కూర్చుని, కాలు మడిచి, మూతి ముందుకు పెట్టి, అచ్చం తమ్ముడిలా దేకి చూపించాను. నవ్వారు. ఇంకో రెండు చుట్లు దేకాను. ఇంకా నవ్వారు. నవ్వు తగ్గుతున్నట్టు అనిపించి, "మావోడు రేపు పెండ్లిల గూడ గిట్లనే. ఏడడుగులు ఎయ్యమంటే ఏడు దేకుళ్లు దేకుతడు. పెండ్లిపిల్ల ఎనకనే కొంగు పట్టుకొని దేకాలె" అన్నాను. బోరింగు కొడుతున్నామె పిడి వదిలేసి కడుపు పట్టుకుంది.

నా వెనక బిందె కింద పెట్టిన చప్పుడైంది. చూస్తే అమ్మ. ఎప్పుడు వచ్చిందో తెలియదు. కొడుతుందనుకున్నాను. నన్ను దాటుకుని పోయింది. వరసలో నిలబడింది, తన వంతు రాగానే సగం బిందె నింపుకుని వెళ్లిపోయింది. నవ్వినవాళ్లంతా తమ తమ బిందెల్లోకి చూసుకుంటూ ఉండిపోయారు.

మర్నాటి నుంచి అమ్మ బోరింగుకు రాలేదు. నీళ్ల పని నా మీద పడింది. గడపకు అడ్డంగా ఒక పీట నిలబెట్టి, తమ్ముణ్ణి బయటికి రానివ్వొద్దని అవ్వకూ నాకూ చెప్పి పనికి పోయేది. ఎవరైనా ఇంటికి వస్తే వాణ్ణి ఒళ్లోకి లాక్కుని కాళ్ల మీద కొంగు కప్పేది. షామీర్‌పేట్‌లో తన చెల్లెలి సీమంతం ఉంటే, కడుపునొప్పి అని చెప్పి ఆగిపోయింది. తమ్ముడు పీట వెనక కూర్చుని అరచేతులతో దాన్ని కొట్టేవాడు. కొట్టి కొట్టి, అలసిపోయి, అక్కడే నేల మీద ఒరిగి నిద్రపోయేవాడు. అది చూసి నాకు ఒక్క జోకు కూడా తట్టలేదు.

అవ్వ వారం రోజులు ఇదంతా చూసింది. ఒకనాడు అమ్మ తోటకు పోయాక నన్ను పిలిచింది.

"బోరింగుకాడ మస్తు ఆట ఆడినవంట గదనే. నాకు గూడ సూపియ్యి."

దొరికిపోయాననుకున్నాను. కానీ ఆమె ముఖంలో కోపం లేదు. ముసలామెకు కూడా చూడాలని ఉందేమోనని కూర్చుని దేకాను. పెండ్లి మాట కూడా చెప్పాను. అవ్వ నవ్వలేదు.

"గంతేనా? అరుగుకాడికెళ్లి గా ఏపచెట్టు దాంక పో."

పోయాను.

"ఇగ రా. మల్ల పో."

మూడోసారికి అరచెయ్యి గీరుకుపోయి మండింది, తొడ పట్టేసింది, మోకాలు దోక్కుపోయింది. లేవబోతే కూర్చోమంది. "మూడుసార్లకే నీకు దమ్మొచ్చింది. మీ తమ్ముడు పొద్దంత తిరుగుతడు. వాడు నిన్ను నవ్వియ్యనీకె దేకుతలేడే. ఆడికి పోవాలని ఉంటది, పోతుండు" అంది.

నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు వస్తే ఏదో ఒక మాట అని నవ్వించి తప్పించుకోవడం నా అలవాటు. ఆ రోజు ఆ మాట దొరకలేదు. అవ్వ కాసేపు ఏడవనిచ్చి, "ఇగ బంజెయ్యి. నీ నోటికి రేపు పనున్నది. పోయి శనగపప్పు నానెయ్యి" అంది.

మర్నాడు సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లాకు కలిపి ముద్ద చేసి, సర్వ అనే లోతు గిన్నె అడుగున వేళ్లతో ఒత్తి, చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి కాలుస్తారు. ఒకటి తీశాక గిన్నె చల్లారితే గానీ రెండోది ఒత్తడం కుదరదు. అవ్వ మూడు గిన్నెలు మార్చుకుంటూ పొద్దున మొదలుపెట్టి పొద్దు నడినెత్తికి వచ్చేదాకా చేసింది. పండగా కాదు, పబ్బమూ కాదు, ఎందుకని అడిగాను.

"మన పోరడు దేకుతుండు గద. ఇండ్లల్ల పెట్టద్దా?"

"అరిసెలు పెడ్తరు గదవ్వా?"

"అరిసెలు అడుగేస్తె. వాడు కూసుండి పోతుండు, గందుకు గిన్నెల కూసుండి కాలేది పెడ్తున్నం. ప్రతి ఇంట్ల గిదే జెప్పాలె. నవ్వితే నీ ఈపు పగులుతది."

నవ్వకుండా ఒక మాట చెప్పడం నా జీవితంలో అదే మొదటిసారి.

మొదటి ఇంట్లో అత్త పళ్లెం వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. "దేకితె గూడ పంచుతరా? నేనెప్పుడు ఇనలే."

"మీ దిక్కు పంచరా అత్తా? అవ్వ అడిగి రమ్మన్నది."

అత్త ఒక్క క్షణం ఆలోచించింది. తమ దిక్కు ఒక ఆచారం తక్కువైందని ఒప్పుకోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. "ఎందుకు పంచం. పంచుతం. మా అత్తమ్మ ఇంక నువ్వులు ఎక్కువేసేది" అంది.

రెండో ఇంటామెకు తన మేనత్త చేసింది గుర్తొచ్చింది. మూడో ఇంటామె, ఈ కాలం పిల్లలకు ఇవన్నీ ఎవరు చెబుతున్నారని బాధపడింది. నాలుగో ఇంటికి వచ్చేసరికి నాకు నోరు తిరిగింది. దేకిన పిల్లాడి పేరున సర్వపిండి తింటే మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని నా తరఫున ఒక మాట కలిపాను. ఆ ఇంటి ముసలమ్మ ఇంకొకటి అడిగి తీసుకుంది.

చివరిది కిరాణా కొట్టు పెద్దమ్మ ఇల్లు. ఆమె పళ్లెం అందుకుని, ఎందుకో వింది. "మీరు పంచలేదా పెద్దమ్మా?" అని అన్ని ఇళ్లలో అడిగినట్టే అడిగాను. ఆమె సర్వపిండి వైపు చాలాసేపు చూసి, "పో. పళ్లెం నేనే తెస్త" అంది.

సాయంత్రం వచ్చింది, ఖాళీ పళ్లెం ఇవ్వకూడదని దాంట్లో ఒక బెల్లంముక్క పెట్టుకుని. అమ్మ అప్పుడే తోట నుంచి వచ్చి కూర్చుంది. వీధిలో మేం చేసిన ఘనకార్యం ఆమెకు ఇంకా తెలియదు. పెద్దమ్మను చూడగానే, మళ్లీ అరిసెల మాట వస్తుందని, తమ్ముణ్ణి ఒళ్లోకి లాక్కుని కొంగు కప్పింది. పెద్దమ్మ పీటకు ఇవతల, గడప దగ్గరే కూర్చుంది.

"కొంగు తియ్యి బిడ్డా. నా ముంగట దాసుడెందుకు. మా పెద్దోడు గూడ గిట్లనే దేకిండు. తలుపేసి పెంచిన. ఎవ్వలకు జెప్పలె."

ఆమె పెద్దకొడుకు అంటే ఊరందరికీ తెలుసు. కబడ్డీలో అతని కాలు పట్టుకున్నవాడు లేడు. అమ్మ నమ్మలేనట్టు చూసింది.

"ఏ కాలు మడిసేటోడు?"

"ఎడమది."

"నిలవెడితె కాళ్లు మీదికి లేపుతుండెనా?"

"లేపుడా? పటేలు కుర్సీల కూసున్నట్టు కూసుండెటోడు."

"ఎన్ని నెలలకు లేసిండు?"

"రెండేండ్లకు నెల తక్కువ. లేసినంక మల్ల నాకు దొరకలె."

అమ్మ నవ్వింది. ఎన్ని రోజులకో నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, "మరి నన్ను రోజు అరిసెలని ఎందుకు సతాయించినవ్ పెద్దమ్మా?" అని అడిగింది.

పెద్దమ్మ బెల్లంముక్కను పళ్లెంలో ఇటూ అటూ జరిపింది. "నేను గీ తిప్పల పడ్డప్పుడు నన్ను గూడ గిట్లనే అడిగిన్రు. ముందుగాల నేనే అడిగితె, ఇగ మా పెద్దోని సంగతి నన్ను ఎవలు అడగరని..." అని ఆపేసింది.

అమ్మ లేచి గడపకు అడ్డం ఉన్న పీట తీసింది. తమ్ముడు ఒక్క నిమిషం నమ్మలేదు. తర్వాత గడప మీదికి వాలి, అటువైపు దొర్లి, లేచి కూర్చుని, మళ్లీ తెడ్డు వేశాడు. అరుగు పక్క నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వీధిలోకి. ఇళ్ల ముందు ఆడవాళ్లు చూస్తున్నారు. అమ్మ లోపలికి పోలేదు. అరుగు మీద కూర్చుని, అందరూ చూస్తుండగా కొడుకును చూసుకుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. నా అరచెయ్యి తిప్పి గీరుకుపోయిన చోటు చూసింది. లోపలి నుంచి కొబ్బరినూనె తెచ్చి రాసింది.

దేకినందుకు పంచే ఆచారం నిజంగా ఉందా అని తర్వాత అవ్వను అడిగాను. "లేకుంటె గిన్ని ఇండ్లోళ్లు ఎట్ల తిన్నరే?" అంది.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం తమ్ముడు మేకపిల్ల తాడు పట్టుకుని లేచాడు. మేకపిల్ల కదిలింది, తాడు వదలడం ఇష్టంలేక వీడూ కదిలాడు. బియ్యం చెరుగుతున్న అమ్మ చేతిలో చేట అలాగే ఆగిపోయింది. వాడు ఇప్పుడు కరెంటు లైన్‌మన్. స్తంభం మీద నుంచి దిగమని కింద ఉన్నవాళ్లు బతిమాలుకోవాలి.

ఇదంతా పోయినేడాది మళ్లీ కదిలింది. నేనిప్పుడు కండ్లకోయలో టిఫిన్ సెంటర్ నడుపుతూ కొడుకు దగ్గర అపార్టుమెంట్లో ఉంటున్నాను. నా మనవరాలు ఆ నున్నటి టైల్స్ మీద దేకుతుంటే కోడలు ఫోనులో ఏవేవో చదివి కంటి మీద కునుకు లేకుండా చేసుకుంది. డాక్టరుకు చూపించాం. అన్నీ పరీక్షించి, కాళ్లు బాగున్నాయి, మీ ఇంట్లో ఇలా జరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా, కొన్ని కుటుంబాల్లో ఇది వస్తుంటుంది అన్నాడాయన. బడిలో ఏ ప్రశ్నకూ ఎత్తని చెయ్యి అక్కడ ఎత్తాను. ఇంటికొచ్చి మా అంతస్తులో ఆరు ఫ్లాట్లకూ సర్వపిండి పంచాను. ఇది మీ వైపు ఆచారమా ఆంటీ అని ఒకమ్మాయి అడిగితే, చాలా పాతదమ్మా అన్నాను. మనవరాలు ఇప్పుడు లిఫ్టు వద్దని మెట్ల మీద నా ప్రాణం తీస్తోంది.

నా నోరు మాత్రం ఈ వయసులోనూ ఊరుకోదు. టిఫిన్‌కు వచ్చే కాలేజీ పిల్లలు ఇడ్లీ కంటే నా మాటల కోసమే వస్తారని నా నమ్మకం. ఒకడి నడక, ఒకతె నత్తి, ఒకడి జుట్టు, ఏది చూసినా మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ఒక్కసారి చుట్టూ చూస్తాను, ఇది ఎవరి ఒళ్లో పడుతుందోనని. ఆ మనిషి కూడా నవ్వేలా ఉంటే వదులుతాను. లేదంటే మింగేస్తాను. ఈ పొట్ట అంతా మింగిన జోకులదేనని మా కోడలు అంటుంది. తూకం వేస్తే నిజమేనని తేలుతుంది కాబట్టి, నేను కాదనను.