గుడ్డు పగలని జీపు

పోయిన నెల ఒక బుధవారం పొద్దున్న ఏడింటికి టీచరుగారి తమ్ముడు ఫోను చేశారు. "మేస్త్రిగారూ, అక్క ప్రభువు దగ్గరికెళ్ళిపోయిందండి. రాజమండ్రి ఆసుపత్రిలో, తెల్లారగట్ట," అన్నారు. వెంటనే మళ్ళీ అన్నారు: "ఆసుపత్రి వ్యాను కాజ్‌వే దాకానే వస్తాదంటండి. అవతల ఇసకలోకి దిగదంటన్నారు. అక్కేమో లంకలో అమ్మ సమాధి పక్కనే పెట్టమంది. సాయంత్రం నాలుగింటికి భూస్థాపన. మీ దగ్గరున్న అక్క జీపు అప్పటికి రెడీ అవుద్దా అండి?"

"అవుద్దండి," అన్నాను.

అనడం అనేశాను గాని, వెనక్కి తిరిగి చూస్తే ఆ జీపు నా షెడ్డులో వెనక చక్రాలు లేకుండా దుంగల మీద కూర్చుని ఉంది. రెండు వైపుల కమాన్లూ ఊడి నేల మీద ఉన్నాయి. కమానంటే తెలియని వాళ్ళకి చెబుతాను. బండి బరువంతా వెనక ఇరుసు మీద మోసేది, విల్లులా వంచిన ఉక్కు పట్టీల కట్ట. బండి ఎంత ఎత్తులో నిలబడాలి, గతుకులో ఎంత కుదపాలి అన్నది ఆ కట్ట చేతిలో ఉంటుంది. టీచరుగారి తమ్ముడు ఈమధ్య ఆ జీపులో కొబ్బరికాయలు తోలుతున్నారు. లోడుకి వెనక కుంగిపోతోంది, కట్టకి చెరో రెండు పట్టీలు ఎక్కించండి అంటే, ఆ పని మీదే ఉన్నాను. కొత్త పట్టీలు కొని తెచ్చి పక్కన పెట్టుకున్నాను కూడా.

వాటిని చూడగానే నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

టీచరుగారు మా కొత్తపేట హైస్కూల్లో నాకు రెండేళ్ళు లెక్కలు చెప్పారు. పదో తరగతి లెక్కల్లో నేను తప్పాను. అందులో ఆవిడ తప్పేమీ లేదు, నా బుర్ర అప్పటికే లారీల కింద ఉంది. పలివెల రోడ్డులో సొంతంగా కమాన్ల షెడ్డు పెట్టుకున్నాక నా అంతటివాడు లేడనుకునేవాణ్ణి. లెక్కల్లో తప్పానేమో గాని ఇనుములో తప్పనని పదిమందిలో అనేవాణ్ణి. ఆ మాట ఆవిడ చెవిన పడే ఉంటుంది.

ఆవిడకి హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చినప్పుడు ఎవరూ వెళ్ళనన్న లంక బడి కోరుకున్నారు. వాళ్ళ తాతగారు ఆ లంకలో పొలం కూలీ. వాళ్ళమ్మగారు అదే ఊళ్ళో పాకలో బడి చెప్పారు. ఆ పాకే తర్వాత సర్కారు బడయింది. గోదావరి పాయ మీది కాజ్‌వే దాటాక రెండు కిలోమీటర్లు ఇసక దారి. ఆటోవాళ్ళు దిగం పొమ్మన్నారు. ఆవిడ ఎక్కడో వేలంలో ఒక ముసలి జీపు కొన్నారు. తోటి టీచర్లు నలుగురూ, భోజనాల బియ్యం బస్తాలూ, గుడ్ల అట్టలూ అన్నీ అందులోనే. అంత బరువెక్కేసరికి వెనక భాగం కుంగిపోయి, సైలెన్సరు ఇసక దున్నుకుంటూ వెళ్ళేది. వారంలో రెండు రోజులు మధ్యలో దిగబడిపోయేది.

ఒక శనివారం జీపు నా షెడ్డు ముందు ఆగింది. "ఏరా మేస్త్రీ, లెక్కలు రాలేదు సరే, ఇనుమన్నా వచ్చిందా?" అంటూ దిగారు.

"ఆయ్, వచ్చిందండి," అన్నాను తల గోక్కుంటూ.

"అయితే దీన్ని నాలుగంగుళాలు లేపు. కొత్త సామాను కొనేంత లేదు నా దగ్గర. పాత ఇనుములో చూడు." అక్కడిదాకా నవ్వుతూనే అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "బడి తాళం తొమ్మిదింటికి తియ్యకపోతే పిల్లలు ఇటుక బట్టీకి పోతన్నారురా. ఒక్కసారి పోయినోడు మళ్ళీ పలక పట్టట్లేదు."

నేను క్షణం ఆలోచించలేదు. పాత లారీ పట్టీలు కోసి, ఉన్న కట్టలకే చెరో రెండు ఎక్కించి బిగించాను. సాయంత్రానికి జీపు కోడిపుంజులా నిక్కి నిలబడింది. నాలుగు కాదు, అయిదంగుళాలు లేపానండీ అని గొప్పగా చెప్పాను కూడా.

సోమవారం సాయంత్రం ఆవిడ మళ్ళీ వచ్చారు. దిగుతూనే వెనక తలుపు తెరిచారు. గుడ్ల అట్టల నిండా పచ్చసొన కారుతోంది. "ఎత్తు పెరిగిందిరా, ఇసకా తగల్లేదు. మూడట్టల్లో పదిహేను గుడ్లు మిగిలేయి. నా నడుం సంగతి దేవుడికెరుక," అన్నారు. "నేను ఎత్తడిగేను. గట్టితనం అడిగేనా?"

"ఎత్తు కావాలంటే గట్టిపడక తప్పదండి. పట్టీల లక్షణమే అంత," అన్నాను. చూడండి నా తెగువ! లెక్కల టీచరుకి చెబుతున్నాను.

ఆవిడ సంచిలోంచి చెక్క స్కేలు తీశారు. నా బల్ల అంచున సగం బయటికి ఉంచి, ఇవతలి కొస అరచేత్తో అదిమి పట్టి, "నొక్కు," అన్నారు. నొక్కాను. కొంచెమే వంగింది. స్కేలుని ఇంకాస్త బయటికి జరిపి, "ఇప్పుడు నొక్కు," అన్నారు. వేలితో తాకగానే మెత్తగా ఒంగింది.

"చెక్క అదే, మందం అదే. మారిందేంటి?"

"పొడుగండి," అన్నాను.

"మరి పట్టీలెందుకు పెంచేవు? పొడుగున్న కట్ట తెచ్చి వెయ్యి. ఒంపు ఎక్కువున్నది చూడు. ఎత్తుకి ఎత్తు, మెత్తదనానికి మెత్తదనం."

పదేళ్ళ నుంచి ఆ ఇనుము మధ్యనే బతుకుతున్నాను. నా చేతికి తెలిసిన సంగతే అది, నా బుర్రకి తెలియలేదంతే. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఆ రోజు నాకు లెక్కలు వచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటాను.

తర్వాతి ఆదివారం ఆవిడ చర్చి నుంచి అటే వచ్చేస్తే, ఇద్దరం రాయవరం దగ్గర పాత ఇనప కొట్టుకి వెళ్ళాం. తెల్ల చీర కట్టుకుని తుప్పు గుట్టల మధ్య తిరుగుతున్న ఆవిడని చూసి కొట్టాయన కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చుంటేనా! తుక్కుకింద పడేసిన పెద్ద వ్యాను కమాన్లు ఒక జత దొరికాయి. మా పాతవాటికంటే రెండు జానలు పొడుగున్నాయన్నాను. "ఎవరి జానరా? నీదా, నాదా?" అని స్కేలు నా చేతిలో పెట్టారు. ఆ స్కేలు మళ్ళీ అడగలేదు. నా షెడ్డులో మేకుకి వేలాడుతూ ఉండిపోయింది. ఆ రోజు నుంచి నేను జానతో కొలిచింది లేదు.

పొడుగు కట్ట పట్టడానికి, దాని కొస తగిలించే వెనక కొక్కెం ఛాసిస్ మీద వెనక్కి జరిపి బిగించాలి. అది నా పని, అందులో నాకెవరూ చెప్పక్కర్లేదు. అడుగున ఉన్న బాగా మందం పట్టీ ఒకటి తీసేశాను. బిగింపు అయ్యాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోతుంటే ఆవిడ నవ్వారు. "నీ నిమ్మకాయలు నువ్వు పెట్టుకో, నా ప్రార్థన నేను చేసుకుంటాను. ముందు బ్రేకు గొట్టం చూసేవా? బండి పైకి లేచింది, గొట్టం సాగుతుందేంట్రా?" చూస్తే అది తాడులా బిగుసుకుని ఉంది. గోతిలో పడితే తెగిపోయేదే. నోరు మూసుకుని పొడుగు గొట్టం వేశాను.

ఖాళీ బండి నిజం చెప్పదని మా షెడ్డు సామెత. మనుషుల్ని ఎక్కించి కొలవాలి. ఆవిడ వెనక సీట్లో కూర్చున్నారు, బండి అంచు ఎక్కడిదాకా దిగిందో చక్రం మీద సుద్దతో గీత గీశాను. దిగారు, మళ్ళీ గీశాను. అర అంగుళం లేచింది. "నా బరువు ఊరంతా చెప్పకు," అన్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా, ఆవిడ దిగుతుంటే నా చూపు ఆ చక్రం వైపే పోయేది. ఆవిడకీ తెలుసు. "ఎంత లేచిందిరా ఇయ్యాళ?" అనేవారు. "అర అంగుళమేనండి," అనేవాణ్ణి.

మర్నాడు సాయంత్రం పండక్కి వచ్చినంత సంబరంగా వచ్చి, నా అరచేతిలో ఒక గుడ్డు పెట్టారు. పగుల్లేదు. "మూడట్టలూ ఇలాగే ఉన్నాయి. తాళం తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా తీసేం," అన్నారు. పదో తరగతి సర్టిఫికెట్ లేని నేను, ఆ గుడ్డునే సర్టిఫికెట్‌లా రెండు చేతులా పట్టుకున్నాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆవిడ బడికి ఆలస్యంగా వెళ్ళారని నేను వినలేదు. బట్టీకి పోయిన పిల్లల్లో నలుగురిని ఆ జీపులోనే ఎక్కించుకుని వెనక్కి తెచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి ఇవాళ అదే బడిలో లెక్కలు చెబుతోంది. ఆవిడ గురించి చదువుకున్న వాళ్ళు చాలామంది మంచి మాటలు రాస్తారు. నేను కమాన్ల వాణ్ణి, నాకు తెలిసింది నేను రాస్తున్నాను.

ఆ బుధవారం పొద్దున్న కొత్త పట్టీలు కాలితో పక్కకి తోసేశాను. తమ్ముడుగారు ఎక్కించమన్నారు నిజమే, కానీ ఆ పట్టీల మీద ఆవిడని ఇసకలో కుదుపుతూ ఎలా తీసుకెళ్ళను? పదిహేను గుడ్ల లెక్క నాకు మళ్ళీ చెప్పించుకోవడం ఇష్టం లేదు. మేము రాయవరంలో కొన్న ఆ పాత కట్టలకే తుప్పు గీకి, గ్రీజు పూసి, కొత్త బుష్షులు వేసి ఎక్కించాను. స్కేలుతో రెండు పక్కలా కొలిచాను. బ్రేకు గొట్టం చూశాను. ఒంటిగంటకి జీపు నేల మీద నిలబడింది. అన్నం తినబుద్ధి కాలేదు.

కాజ్‌వే దగ్గర ఆసుపత్రి వ్యానులోంచి పెట్టె మా జీపులోకి మార్చాం. తమ్ముడుగారూ, ఇంకో ముగ్గురూ వెనక కూర్చున్నారు. పాస్టరుగారు నా పక్కన. వెనక గుడ్ల అట్టలున్నట్టే నడిపాను. దారి మధ్యలో లోతు గాడి వస్తే గేరు తగ్గించి దింపాను. జీపు ఒకసారి మెత్తగా కిందికి వెళ్ళి, మెత్తగా పైకి వచ్చింది. ఇసక ఎక్కడా తగల్లేదు. దారి పొడుగునా బడి పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఆ రెండు కిలోమీటర్లూ నా కమాన్లు కిర్రుమనలేదు. అంత బాగా నేను జన్మలో ఏ బండీ బిగించలేదు, ఆ మాట మాత్రం ధైర్యంగా చెబుతాను.

సమాధుల దొడ్డి దగ్గర ఆపాను. నలుగురూ ముందు దిగారు. తమ్ముడుగారు నా చెయ్యి పట్టుకుని, "పెట్టె మీద చెయ్యేసుకునే కూర్చున్నానండి. కుదుపన్నది తెలీలేదు. ఆ కొత్త పట్టీలు వద్దులెండి, ఇలాగే ఉండనివ్వండి," అన్నారు. నేను తలూపి, పాత అలవాటు కొద్దీ వెనక చక్రం పక్కన కూర్చుని సుద్దతో గీత గీశాను.

జబ్బుతో ఆవిడ బాగా చిక్కిపోయారు. పెట్టె బరువు ఆ లోటు పూడ్చినట్టుంది. వాళ్ళు పెట్టెని మెల్లగా లాగి భుజాలకెత్తుకున్నారు. కమాను కదిలింది. స్కేలు పెట్టి చూశాను.

"ఏం చూస్తన్నారండి?" అన్నారు తమ్ముడుగారు వెనక్కి తిరిగి.

"టీచరుగారు దిగేరండి," అన్నాను.

వాళ్ళు పాట అందుకుని ముందుకి నడిచారు. జీపు అర అంగుళం పైకి లేచి, వెనక తలుపు తెరుచుకుని, ఇసకలో ఖాళీగా నిలబడి ఉంది.