అరగని చెప్పులు

వస్తువును కాపాడుకోవడంలో మా అమృతమ్మను మించినవాళ్ళు నారాయణఖేడ్‌లో లేరు. కూలికి పోతుంది, శనివారాలు వచ్చి మా చర్చి ఊడుస్తుంది. కూతురు రోజ పుట్టిన ఏడాది కొన్న గొడుగు ఇప్పటికీ ఆమె దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. రోజకేమో ముప్పై ఏళ్ళు. నేను బడిపంతులుగా రిటైరైన సంఘపెద్దను. ఎవరు దొరుకుతారా, నాలుగు నీతులు చెబుదామా అని చూసే రకం. క్రమశిక్షణ అనే మాట వస్తే చాలు, మైకు పట్టుకుని అమృతమ్మ పేరే ఎత్తేవాణ్ణి.

షుగరు ముదిరి ఆమె పాదాలకు స్పర్శ పోయింది. దవాఖానలో డాక్టరమ్మ మెత్తటి చెప్పులిచ్చి, ఇంట్లో కూడా విప్పొద్దని మరీ మరీ చెప్పింది. రెండు నెలలు తిరక్కుండానే ఒక ఆదివారం బస్ డిపో ముందు అమృతమ్మ నాకు ఎదురైంది. ఉత్త కాళ్ళతో నడుస్తోంది. చెప్పులు చేతిసంచిలో ఉన్నాయి.

"ఏందమ్మా గిది?" అన్నాను.

"తొవ్వంత రాళ్ళే సారూ. అరిగిపోతయ్. చర్చి గేటుకాడ తొడుగుత."

అన్నట్టే గేటు దగ్గర తొడిగింది. పది అడుగులు నడిచి, గుమ్మం ముందు అందరిలాగే విప్పి లోపలికొచ్చింది. నాకు నవ్వాగలేదు. అక్కడితో ఊరుకున్నానా? ప్రసంగంలో ఇదే చెప్పాను. "దేవుడిచ్చినదాన్ని ఎట్ల కాపాడుకోవాల్నో అమృతమ్మను చూసి నేర్చుకోండ్రి!" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని మురిసిపోయింది. ఛీ, ఆ పూట నా నాలుక పడిపోయినా బాగుండేది.

కంది కోతల్లో, కోసిన మోడు ఒకటి ఆమె అరికాల్లో దిగింది. దిగినట్టు తెలియనే లేదు. తెలిశాక గుడ్డపీలిక చుట్టుకుని మళ్ళీ పనికి పోయింది. పుండు వాసన పట్టి రోజ పెద్ద దవాఖానకు తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. పాదం తీసేశారు.

చూడ్డానికి వెళ్ళినవాణ్ణి, పరామర్శించాల్సింది పోయి అరిచాను. "డాక్టరమ్మ గంతగనం చెప్తే ఇనవా? బయట సరే, పుండైనంక ఇంట్లనన్న తొడగకపోతివి!"

"మొదాల ఇంట్ల తొడిగేదాన్ని సారూ," అంది అమృతమ్మ నెమ్మదిగా. "నువ్వు గట్ల మైకుల చెప్పినంక బంద్ జేసిన. అందరు మెచ్చుకున్నరు గదా. ఇగ నేను అరగ్గొడ్తే నీ మాట పోదా?"

రోజ లేచి నిలబడింది. "సార్, నువ్వు ఇంటికి పో," అంది.

వచ్చేశాను. సిగ్గుతో అన్నం సయించలేదు. తప్పు నాదని ఒప్పుకుందామనే తరువాతి ఆదివారం మైకు ముందు నిలబడ్డాను. అందరూ నా మొహం వంకే చూస్తున్నారు. ఆ మాట పక్కనబెట్టి, ఓర్పు గురించి మాట్లాడి, అంత కష్టంలోనూ ఎవరినీ ఒక్క మాట అనని అమృతమ్మను చూసి నేర్చుకోమన్నాను.